సీట్లు తిరగబడితే దశ మార్పు అయిపోదు: జనాభిప్రాయానికి ఐసింగ్ మోడల్ ఎక్కడ పనికొస్తుంది?

మీరు అడిగింది ఇదీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకి, అయస్కాంతాల కోసం పుట్టిన ఐసింగ్ మోడల్ తీసుకుని గోదావరి జిల్లాల్లో జనాభిప్రాయం ఎలా మారుతుందో చూపించాలనుకుంటున్నారు. రెండు పాత జిల్లాల 34 అసెంబ్లీ సీట్లలో 2019లో 27 గెలిచిన వైఎస్సార్సీపీకి 2024లో ఒక్కటీ రాలేదు. ఇది వేడెక్కిన ఇనుము అయస్కాంతత్వం పోగొట్టుకున్నట్టు దశ మార్పేనా (ఫేజ్ ట్రాన్సిషన్), మోడల్‌లో ఉష్ణోగ్రత ఎంత పెట్టాలి, వచ్చే ఎన్నికని దీనితో ముందే చెప్పొచ్చా అని మూడు ప్రశ్నలు.

మూడోదానికి జవాబు, చెప్పలేం. మొదటిది కూడా కాదనే అంటాను. రెండోది మాత్రం మంచి ప్రశ్న, దాని దగ్గర కాసేపు ఆగాలి. కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతూ ఈ మోడళ్లతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సీట్ల సంగతి తేల్చేద్దాం. రాష్ట్రం మొత్తం మీద వైఎస్సార్సీపీకి 2019లో 151 సీట్లు వస్తే 2024లో 11 వచ్చాయి. ఓట్లు చూస్తే దాదాపు 50 శాతం నుంచి 39 శాతం పైచిలుకుకి తగ్గాయి. నికరంగా పదిమందిలో ఒకరు అటు నుంచి ఇటు వచ్చారన్నమాట. మిగతా పనంతా చేసింది లెక్కింపు పద్ధతి, ఒక్క ఓటు ఎక్కువొస్తే సీటు మొత్తం వాళ్లదే కదా. దానికి తోడు 2019లో విడివిడిగా నిలబడ్డ తెలుగుదేశం, జనసేన 2024లో బీజేపీతో కలిసి ఒకవైపు నిలబడ్డాయి. మన జిల్లాల్లో జనసేనకి 2019లోనే రాష్ట్ర సగటు కన్నా బాగా ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఓటర్లెవరూ మనసు మార్చుకోకపోయినా ఆ రెండు పార్టీల ఓట్లూ కలిపితే చాలాచోట్ల ఫలితం మారిపోయేది. ఇది ఉత్త కూడిక, ఇందులో అయస్కాంతం ఎక్కడా లేదు. గ్రాఫులో నిలువు గీత కనబడగానే దశ మార్పు అనేయడం మన ఫిజిక్సు వాళ్లకి పాత జబ్బు.

ఇక మోడల్. 1920లో విల్‌హెల్మ్ లెంజ్ ఊహించి, తన శిష్యుడు ఎర్నెస్ట్ ఐసింగ్‌కి అప్పగించిన లెక్క ఇది. ఇనుములో ప్రతి అణువూ ఒక చిన్న అయస్కాంతం, పైకైనా చూస్తుంది, కిందికైనా చూస్తుంది. పక్కవాటితో ఒకే దిక్కున ఉండాలనే లాగుడు ఒకటి, వేడి వల్ల ఎటుపడితే అటు తిరిగే గుణం ఒకటి, బయటి నుంచి పనిచేసే క్షేత్రం ఒకటి. ఈ మూడింటి మధ్యా పోరు. 770 డిగ్రీల సెల్సియస్ దాటితే వేడిదే పైచేయి, ఇనుము తనంతట తాను అయస్కాంతంగా నిలవలేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికి పైకి, కిందికి అన్నవి అవును, కాదు అవుతాయి. లాగుడంటే చుట్టాలు, పక్క పొలంవాళ్లు, టీ కొట్టు జనం. క్షేత్రమంటే ధాన్యం మద్దతు ధర, టీవీ, పార్టీ ప్రచారం లాంటివి, అందరి మీదా ఒకేలా పడేవి. ఇంతవరకూ సాఫీగానే పోతుంది. చిక్కంతా ఉష్ణోగ్రతతోనే.

ఇనుముకి థర్మామీటరు పెట్టొచ్చు, ఊరికి ఏం పెడతాం? ఇక్కడ ఉష్ణోగ్రత అంటే, పక్కవాళ్లు ఏం చేస్తున్నా పట్టించుకోకుండా మనిషి తన దారిన తాను పోయే వంతు. పైగా క్షేత్రం లేనప్పుడు లెక్కలో లాగుడు విడిగా, ఉష్ణోగ్రత విడిగా కనిపించవు, వాటి నిష్పత్తే కనిపిస్తుంది. కాబట్టి ‘ఎంత పెట్టాలి’ అనే ప్రశ్నే సరికాదు. ఆ నిష్పత్తిని మీ ఊరి లెక్కల్లోంచి కొలవాలి. దశ మారేచోట లాగుడుకి ఉష్ణోగ్రత ఎన్ని రెట్లో చెప్పే 2.269 అంకెని 1944లో లార్స్ ఆన్‌సాగర్ సాధించాడు, దాన్ని ఎత్తి తెచ్చి, ఇదే మా మండలం కీలక ఉష్ణోగ్రత (దశ మారే హద్దు) అని రాసిన రిపోర్టులు నా కంటబడ్డాయి. ఆ అంకె ప్రతివాడికీ సరిగ్గా నలుగురే పక్కవాళ్లుండే చదరపు గడులది. మండలంలో ఎవరికి నలుగురే ఉంటారండీ?

ఉష్ణోగ్రతని ఇంకోలా కూడా చూడొచ్చు, నాకు ఇదే నచ్చుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటాం కదా. జనాన్ని ముగ్గురేసి కూర్చోబెట్టి, ప్రతి ముగ్గురూ మెజారిటీ మాటకి కట్టుబడతారని అనుకోండి. ఎవరో కొందరు మాత్రం లేచివెళ్లాక కావాలనే దానికి ఎదురు మాట పట్టుకుంటారు. అలాంటి ఉలిపికట్టెలు ఆరింట ఒక వంతు దాటితే, ఎక్కడ మొదలుపెట్టినా ఊరు చివరికి చెరిసగంగా చీలిపోతుంది. అంతకన్నా తక్కువుంటే ఏదో ఒకవైపు మొగ్గుతుంది. చేత్తో కట్టి చూడగలిగిన లెక్కే: మెజారిటీ సూత్రానికి సగం దగ్గర వాలు 1.5, ఉలిపికట్టెల వల్ల అది తగ్గి 1కి దిగినచోటే హద్దు. 2004లో ఈ లెక్క అచ్చేసింది ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త సెర్జ్ గలాం. 1982లో ఫ్యాక్టరీ సమ్మెల మీద మరో ఇద్దరితో కలిసి పేపర్ రాసి, సోషియోఫిజిక్స్ (సమాజాన్ని ఫిజిక్సు లెక్కలతో చూడటం) అనే మాటని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

గలాందే ఇంకో లెక్క ఉంది. మీ ప్రాజెక్టులో ఒక్క లెక్కకే చోటుంటే దీన్నే పెట్టమంటాను. ఊళ్లో ఒక ప్రతిపాదన లేచింది: ఈ ఏడు దాళ్వాకి వరి మానేసి మినుము వేద్దాం. వందలో 70 మంది సరే అంటున్నారు. టీ కొట్టు బల్లకి నలుగురు చొప్పున కూర్చుంటారు, ప్రతి బల్లా మెజారిటీ మాటకి వచ్చేస్తుంది. ఇద్దరూ ఇద్దరూ అయితే? అక్కడ మన అలవాటు పనిచేస్తుంది. ‘ఎందుకొచ్చిన గొడవండీ, ఎప్పుడూ ఏసేదే ఏసేద్దాం’ అని వరికే పోతారు. మర్నాడు మళ్లీ కొత్త నలుగురు కలుస్తారు. ఇప్పుడు లెక్క కట్టండి: 70 శాతం కాస్తా 65 అవుతుంది, ఆ తర్వాత 57, 42, 20, ఐదో రోజుకి 3. ఎవరూ ప్రచారం చేయలేదు, డబ్బు పంచలేదు. 70 మంది కోరుకున్న మార్పు ఐదు టీలకి చచ్చిపోయింది. నలుగురి బల్లల మీద మార్పు గెలవాలంటే మొదటిరోజే దాదాపు 77 శాతం మద్దతు ఉండాలి. ఉన్నది ఉండాలనేవాళ్లకి 23 శాతం దాటితే చాలు. బల్లకి ముగ్గురే కూర్చుంటే సమంగా చీలడం అనేదే ఉండదు కాబట్టి హద్దు సరిగ్గా సగానికి వచ్చేస్తుంది.

ఈ లెక్కలో సగటు అభిప్రాయం కన్నా, సమంగా చీలినప్పుడు ఏం జరుగుతుందన్న చిన్న నియమం ఎంత బలమైనదో చూడండి. సర్వేలు చేసేవాళ్లు ఆ నియమం గురించి ఎవర్నీ అడగరు.

అయితే దీన్ని కళ్లు మూసుకుని నమ్మకండి. రోజూ బల్లలు కలగాపులగం అవుతాయనేది ఇందులో ఊహ. నిజంగా మన టీ కొట్టులో ఏమవుతుంది? అదే నలుగురు, అదే బల్ల, అదే పేపరు. వాళ్లు మారకపోతే మొదటిరోజు తర్వాత కదలికే ఉండదు, 65 దగ్గరే ఆగిపోతుంది. పెళ్లిళ్లు, తీర్థాలు, సంక్రాంతి పందేల బరులు లాంటివి జనాన్ని కలిపినప్పుడే బల్లలు కలుస్తాయి. ఎంత తరచుగా కలుస్తాయన్నది మీరు మోడల్‌లో విడిగా పెట్టి తీరాలి.

లంకెల గురించి ఇంకో మాట. ఐసింగ్ 1925లో అచ్చేసిన ఫలితం మన డెల్టా వాళ్లకి ఆసక్తిగా ఉండాలి. అణువుల్ని ఒకే వరసలో పేరిస్తే, పరమ శూన్య ఉష్ణోగ్రత కన్నా ఏ కాస్త వేడి ఉన్నా వరస మొత్తం ఒకే దిక్కుకి కుదరదు, అక్కడక్కడా తెగుతుంది. మన ఊళ్లు చాలావాటిలో ఇళ్లు కాలవ గట్టు పొడుగునా వరసగా ఉంటాయి. ఆ లెక్కన ఈ చివరి గాలి ఆ చివరికి పాకకూడదు. కానీ పాకుతోంది, ఎందుకంటే వరసకి అడ్డంగా లంకెలున్నాయి. సఖినేటిపల్లి పిల్లని నరసాపురం ఇచ్చి ఉంటారు, పంటు ఎక్కి వశిష్ఠ దాటితే వియ్యంకుడి ఇల్లు. హైదరాబాదులో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పెట్టింది క్షణంలో అరుగు మీదికొస్తుంది. ఇలాంటి దూరపు లంకెలు కొద్దిగా కలిపినా చాలు, వరసలో కూడా దశ మార్పు తిరిగొస్తుందని 2000లో లెక్క కట్టి చూపించారు. అందుకని చదరపు గడులు గీసే ముందు ఎవరికి ఎవరితో లంకె ఉందో తేల్చుకోండి. మీ మోడల్ బలం, బలహీనత రెండూ అక్కడే ఉంటాయి.

ఇప్పుడు 2011 క్రాప్ హాలిడే సంగతి. ఎన్నికల కన్నా మన ప్రాంతానికి అసలైన ఉదాహరణ ఇది. ఆ సార్వాకి కోనసీమలో రైతులు నాట్లు వేయకుండా పొలాలు వదిలేశారు. పెట్టుబడి పెరిగింది, మద్దతు ధర చాలలేదు, కూలీలు దొరకలేదు, మురుగు కాలవలు పూడుకుపోయి వాన వస్తే చేలు మునిగేవి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లోనూ అదే మాట మళ్లీ లేచింది. కారణాలు అందరికీ ఒకటే, అది క్షేత్రం. కానీ లాగుడు ఎక్కడిది? పక్కవాళ్లంతా వదిలేసినచోట ఒక్కడే ఊడిస్తే (నాట్లేస్తే) ఎలుకలన్నీ ఆ ఒక్క మడి మీదే పడతాయి. ఒక్క చేను కోసం కోత మిషను రాదు. బోదె బాగుచేయడానికి తోడు ఎవరూ ఉండరు. అంటే పక్కవాడి నిర్ణయం నా ఖర్చుని నేరుగా మారుస్తోంది. మొహమాటం, గౌరవం లాంటి మాటల జోలికి పోకుండానే మోడల్‌లో లాగుడు పెట్టగలిగే అరుదైన సందర్భం ఇది.

దీనికి మార్క్ గ్రనోవెటర్ 1978లో ఇచ్చిన లెక్క సరిపోతుంది. ఆయన సోషియాలజిస్టు, అల్లర్ల గురించి రాశాడు. మనం దాన్ని ఊడ్పులకి తిప్పుకుందాం. వందమంది రైతులు. ఎంతమంది ఆపితే నేనూ ఆపుతానన్నది ఒక్కొక్కరికీ ఒక్కో అంకె. మొదటివాడికి 0, రెండోవాడికి 1, మూడోవాడికి 2, అలా 99 వరకూ. మొదటివాడు ఎవర్నీ చూడకుండా ఆపుతాడు, అతన్ని చూసి రెండోవాడు, ఇద్దర్నీ చూసి మూడోవాడు, చివరికి ఊరు ఊరంతా ఆగిపోతుంది. ఇప్పుడు రెండోవాడి అంకె ఒక్కటీ 1 నుంచి 2కి మార్చండి. మొదటివాడు ఆపుతాడు, అక్కడితో సరి. 99 మంది ఊడ్చేస్తారు. సర్వే చేస్తే రెండు ఊళ్లకీ సగటు దాదాపు ఒక్కటే వస్తుంది, తేడా వందో వంతు. బయటివాళ్లు వచ్చి ‘ఆ ఊళ్లో ఐకమత్యం ఉంది, ఈ ఊళ్లో లేదు’ అని రాసేస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. సభలో ఎత్తిన చెయ్యి లెక్కలోకి తీసుకోకండి. పంట వేయం అని అందరితో పాటు చెయ్యెత్తినవాడే ఎందుకైనా మంచిదని నారుమడి పోసి ఉంచుకుంటాడు. బయటికి చెప్పేది వేరు, లోపల ఉన్నది వేరు అన్న తేడా మీద తైమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త పెద్ద పనే చేశాడు. మీరు లెక్కించాల్సింది నారుమళ్లు. ఇంకోటి, డెల్టాలో చాలా భూమి కౌలు రైతుల చేతిలో ఉంది. సభలో మాట్లాడేది భూమి ఉన్నాయన, ఊడ్చేది కౌలుదారు. ఎవరి అంకె తీసుకుంటున్నారో మొదటి పేజీలోనే రాయండి.

సరే, ఈ లాగుడిని నిజంగా కొలవగలిగే చోటు ఒకటి ఉంది: వరి చేలు రొయ్యల చెరువులు కావడం. అది అభిప్రాయం ఎలా అవుతుందని మీ గైడ్ అడుగుతారు. ఆకాశంలోంచి కనిపించే అభిప్రాయం అని చెప్పండి. భీమవరం చుట్టుపక్కల ఒక చేను గట్టు మీద నిలబడి చూడండి. చెరువు వైపున్న నాలుగైదు వరసల్లో ఆకు కొసలు మాడి ఉంటాయి, మట్టి మీద పల్చగా తెల్లటి పొర కనిపిస్తుంది. గట్టు కిందనుంచి ఉప్పు ఊట వస్తుంది మరి. ‘అటు సెరువు, ఇటు సెరువు, మద్దిలో నా ఎకరం. ఇంకేం సేత్తానండి, నేనూ తవ్వించేశాను’ అనే మాట అక్కడ ఎవర్ని అడిగినా వినిపిస్తుంది. అణువు పక్క అణువుని తిప్పడమంటే ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ దొరుకుతుంది?

కొలిచే దారి ఇదీ. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం, పాతవి కూడా. సెంటినెల్ 2 చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి, 10 మీటర్ల స్పష్టతతో. దగ్గరి పరారుణ కాంతిలో నీళ్లు నల్లగా కనిపిస్తాయి. వరి మడిలో నీళ్లు ఊడ్పుల రోజుల్లోనే బయటికి కనబడతాయి, తర్వాత పైరు కమ్మేస్తుంది. చెరువు ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లతోనే ఉంటుంది. ఏటా ఒక పటం తయారుచేయండి. ప్రతి చేనుకీ నిరుడు చుట్టూ ఎన్ని చెరువులున్నాయో, ఈ ఏడు అది చెరువైందో లేదో రాసుకోండి. చుట్టూ సున్నా ఉన్నప్పుడు మారే అవకాశం ఎంత, ఒకటుంటే ఎంత, మూడుంటే ఎంత? ఆ గీత ఎంత నిటారుగా లేస్తే లాగుడు ఉష్ణోగ్రతకి అన్ని రెట్లు. మీరు అడిగిన విలువ ఇక్కడ దొరుకుతుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. మురుగు కాలవ పక్క నేలలన్నీ మొదట్నుంచీ ఉప్పు నేలలే అయితే, పక్కపక్క చేలు ఒకదాన్ని చూసి ఇంకోటి మారినట్టు కనిపిస్తుంది, నిజానికి అన్నీ నేల వల్లే మారి ఉంటాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఆ ఆదాయం అందర్నీ ఒకేసారి లాగింది కూడా. అందుకే ఒకే ఏడాదిలో మారినవాటిని పక్కన పెట్టి, పక్కది మారిన తర్వాతి ఏడు ఏం జరిగిందన్నదే చూడాలి. కాలవకి ఒకే దూరంలో ఉన్న చేలని వాటితో వాటినే పోల్చాలి.

తిరుగు ప్రయాణం కూడా చూడండి. రొయ్య ధర పడిపోయిన ఏడు ఎన్ని చెరువులు మళ్లీ వరి చేలయ్యాయి? చాలా తక్కువే కనిపిస్తాయి. ఉప్పు ఎక్కిన నేల, గట్లకి పోసేసిన పైమట్టి, తీసుకున్న అప్పు, వేయించుకున్న కరెంటు లైను, ఇవన్నీ వెనక్కి రానివ్వవు. క్షేత్రం వెనక్కి తగ్గినా అయస్కాంతం వచ్చిన దారినే వెనక్కి రాదని చూపించడానికి హిస్టరిసిస్ వలయం గీస్తాం కదా, మీ పటాల్లోంచి అలాంటి వలయమే గీయొచ్చు. కాకపోతే ఐసింగ్ మోడల్‌లో వెనక్కి రానివ్వనిది లాగుడు ఒక్కటే, ఇక్కడ నేల రసాయనం కూడా. రెండూ కలిపి రాసేయకండి.

క్షేత్రం నెమ్మదిగా మారుతున్నా జనం ఒక్కసారిగా దూకుతారా, మెల్లగా జరుగుతారా అన్నదాని మీద 2005లో మిషార్, బూషో అనే ఇద్దరు యూరప్ జననాల రేట్లు, సెల్‌ఫోన్ల అమ్మకాలు, కచేరీ చివర చప్పట్లు ఆగే తీరు పక్కపక్కన పెట్టి చూశారు. లాగుడు బలంగా ఉన్నచోట మార్పు వేగం ఇరుకుగా, ఎత్తుగా శిఖరంలా వస్తుంది. బలహీనంగా ఉంటే వెడల్పుగా, పల్చగా వస్తుంది. మండలాల వారీగా మీ చెరువుల లెక్కకి ఇదే పరీక్ష పెట్టొచ్చు.

మిగతా మోడళ్ల గురించి క్లుప్తంగా. వోటర్ మోడల్ అంటే పక్కవాళ్లలో ఎవరో ఒకరి మాట కాపీ కొట్టడమే. పేరు చూసి మోసపోకండి, అది ఎన్నికల కోసం పుట్టింది కాదు. మాట మార్చని మొండివాళ్లు రెండువైపులా కొందరుంటే అందులో ఏకాభిప్రాయం ఎప్పటికీ రాదు. మన ఊళ్లలో తాత కాలం నుంచీ ఒకే పార్టీ అనే ఇళ్లు రెండువైపులా ఉంటాయి కాబట్టి ఆ మొండివాళ్లని కలపకుండా దీన్ని వాడటం దండగ. 2000లో వచ్చిన డెఫువాన్ మోడల్‌లో అభిప్రాయం 0 నుంచి 1 వరకూ ఎక్కడైనా ఉండొచ్చు, ఇద్దరి మధ్య తేడా ఒక హద్దులో ఉంటేనే దగ్గరవుతారు. హద్దు 0.5 అయితే అందరూ ఒక్కటవుతారు, 0.2 అయితే రెండు గుంపులు మిగులుతాయి. ఎకరాకి కౌలు ఎన్ని బస్తాలన్న బేరానికి ఇది బాగా కుదురుతుంది, ఓటుకి అంతగా కుదరదు.

ఎన్నికల మీదే చేయమని గైడ్ పట్టుబడితే ఫారం 20 తీసుకోండి, బూత్ వారీగా ఓట్లు అందులో ఉంటాయి. గెలుపోటముల జోలికి పోకుండా, రెండు బూత్‌ల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటి ఓట్ల పోలిక ఎలా తగ్గుతుందో గీయండి. ఫ్రాన్సు ఓటింగ్ శాతాల్లోనూ అమెరికా కౌంటీల్లోనూ ఆ తగ్గుదల దూరానికి లాగరిథమ్‌లా, చాలా నెమ్మదిగా ఉందని తేలింది. మన డెల్టాలో అలాగే ఉంటుందా అన్నది మంచి ప్రాజెక్టే. రెండు జాగ్రత్తలు. వెయ్యి ఓట్ల బూత్‌లో ఊరికే యాదృచ్ఛికంగానే ఒకటిన్నర శాతం పైన ఊగిసలాట ఉంటుంది, దాన్ని ముందు తీసేయాలి. రెండోది ఇంకా పెద్దది: మన బూత్‌లు తరచుగా పేటల వారీగా విడిపోతాయి. ఒక పేటలో ఓట్లు ఒకేలా పడితే అది ఒకర్ని చూసి ఒకరు వేయడమా, మొదట్నుంచీ ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్లు కావడమా? ఒక్క ఎన్నిక లెక్కతో ఈ రెండూ విడదీయడం కుదరదు.

వైవాలో ‘ఫిజిక్సుకి జనంతో ఏం పని’ అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి. 1835లోనే బెల్జియం గణాంకవేత్త కెత్లె జనాభా లెక్కల మీద రాస్తూ దాన్ని సామాజిక భౌతికశాస్త్రం అన్నాడు. ఆ లెక్కల మీద వచ్చిన సమీక్ష చదివిన ప్రభావం మాక్స్‌వెల్ వాయు అణువుల వేగాల సూత్రంలో ఉందని సైన్సు చరిత్రకారులు చెబుతారు. అప్పు ముందు తీసుకున్నది మనమే.

చివరిగా పని మొదలుపెట్టడం గురించి. ఫారం 20లు చాలాచోట్ల స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఒక్క నియోజకవర్గం టైపు చేసుకోవడానికే ఓపిక కావాలి. చెరువుల పటం అయితే కంప్యూటరే చేసిపెడుతుంది. నన్నడిగితే ఉండి, కాళ్ల, ఆకివీడు మండలాల్లో ఏదో ఒకటి తీసుకుని ఐదారేళ్ల పటాలు ముందు తయారుచేయండి. అవి చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి. అరెకరం చెరువుకి 10 మీటర్ల పిక్సెళ్లు ఇరవై వరకూ వస్తాయి, వాటిలో చాలావరకూ గట్టు మీదే పడతాయి. ఆ గట్టు పిక్సెళ్లని చెరువులో కలపాలా, చేనులో కలపాలా అన్నది మీ పటం చూశాక చెబుతాను.